మునిగిన జట్టును తేల్చాలంటే: కూల్చి కట్టాలా, స్టార్‌ని కొనాలా, ఉన్నదాన్నే బాగుచేయాలా?

సీజన్ ముగిసింది. 17 ఆటల్లో గెలిచినవి 4, ఓడినవి 13. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఇలాంటి జట్టును నమ్ముకున్న అభిమానులకు ఆ తర్వాతి నాలుగు నెలలూ ఒకటే పని, వాదించుకోవడం. ఒకరు అందర్నీ అమ్మేసి పునాది నుంచి కడదాం అంటారు. ఇంకొకరు ఒక్క మంచి క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) దొరికితే చాలు, మిగతావన్నీ వాటంతటవే సర్దుకుంటాయి అంటారు. మరొకరు ఈ జట్టు అంత చెడ్డదేం కాదు, కోచ్‌ని మార్చి చూడండి అంటారు. ముగ్గురి చేతిలోనూ నిజమైన ఉదాహరణలున్నాయి కాబట్టి ఏ వాదనా తెగదు.

నా మాట ముందే చెప్పేస్తాను. ఏ దారిలో వెళ్లాలన్నది రెండో ప్రశ్న. ముందు చూడాల్సినవి రెండు. క్వార్టర్‌బ్యాక్ ముందు నిలబడి అతన్ని కాచే ఆ ఐదుగురు లైన్‌మెన్ ఎవరు? పని మొదలుపెట్టిన జనరల్ మేనేజర్ (జీఎం)నూ కోచ్‌నూ దాన్ని పూర్తిచేయనిస్తారా? ఈ రెండిటికీ జవాబు బాగుంటే మూడు దారుల్లో ఏదైనా గమ్యానికి చేరుస్తుంది. బాగాలేకపోతే, కొత్త కుర్రవాళ్లను జట్లు రౌండ్లవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి నంబర్ పిక్ (ఎంపిక) ఇచ్చినా వృథా.

అంతా అమ్మేసి మొదట్నుంచి కట్టడం

డ్రాఫ్ట్‌లో ముందు ఎంచుకునే అవకాశం అందరికంటే ఎక్కువ ఓడిన జట్టుదే. బాస్కెట్‌బాల్‌లో లాగా ఇక్కడ లాటరీ లేదు, చివరి స్థానం వస్తే మొదటి పిక్ ఖాయం. అందుకే స్టార్లను అమ్మి, పిక్‌లు పోగేసి, ఒకటి రెండేళ్లు ఓర్చుకుందాం అనే ఆలోచన పుడుతుంది. ఇది పాత విద్యే. 1989లో డాలస్ కౌబాయ్స్ తమ ఏకైక స్టార్ హెర్షెల్ వాకర్‌ని మిన్నెసోటాకి ఇచ్చేసి కట్టలుకట్టలుగా పిక్‌లు తెచ్చుకుంది. ఆ ఏడాది 1 గెలిచి 15 ఓడింది. 1992, 1993 సీజన్లలో వరసగా సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) గెలిచింది. పునర్నిర్మాణం అనగానే పెద్దవాళ్లు ఇప్పటికీ ఈ కథే చెబుతారు.

ఆ కథ విన్నవాళ్లు క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ కథ కూడా వినాలి. 2016, 2017 సీజన్లు రెండూ కలిపి 32 ఆటలాడి గెలిచింది ఒక్కటి. పిక్‌లకు కొదవ లేదు. 2017లో మొదటి పిక్‌తో మైల్స్ గారెట్, 2018లో మొదటి పిక్‌తో బేకర్ మేఫీల్డ్ వచ్చారు. గారెట్ ఈ తరం డిఫెన్స్ ఆటగాళ్లలో అగ్రగణ్యుడయ్యాడు. మరి జట్టు ఎందుకు నిలబడలేదు? పిక్‌లు పోగేసిన జీఎంను ఆ పిక్‌లు పండకముందే, 2017 డిసెంబర్‌లో పంపేశారు. మేఫీల్డ్ మొదటి మూడు సీజన్లలో తాత్కాలిక కోచ్‌తో కలిపి నలుగురు హెడ్ కోచ్‌లను చూశాడు. విత్తినవాడొకడు, నీరు పెట్టినవాడొకడు, కోసినవాడు ఇంకొకడు. 2020లో 11 గెలిచి ప్లేఆఫ్స్‌లో పిట్స్‌బర్గ్‌ని ఓడించిన రోజున, ఇక ఒడ్డున పడ్డారనే అందరూ అనుకున్నారు. 2022లో డెషాన్ వాట్సన్ కోసం మూడు మొదటి రౌండ్ పిక్‌లు ధారపోసి, 23 కోట్ల డాలర్లు పూర్తి గ్యారంటీతో రాసిచ్చారు. అన్నేళ్ల ఓపికా ఆ ఒక్క సంతకంతో గంగలో కలిసింది.

కాబట్టి కూల్చడంలో ప్రమాదం ఓటములది కాదు. ఓడుతున్నంతసేపూ ప్రణాళికను మార్చకుండా ఉండటం కష్టం, అసలు ప్రమాదం అక్కడుంది. అభిమానులకు విసుగొస్తుంది, యజమానికి సిగ్గేస్తుంది, ఎవరో ఒకరి ఉద్యోగం పోతుంది, కొత్తగా వచ్చినవాడు పాతవాడి ఆటగాళ్లను నమ్మడు.

స్టార్‌ని కొని ఈ ఏడే గెలవడం

ఈ దారిని అర్థం చేసుకోవాలంటే ఏడాది తేడాతో జరిగిన రెండు బేరాలను పక్కపక్కన పెడితే చాలు.

2021లో లాస్ ఏంజెలెస్ రామ్స్, డెట్రాయిట్ నుంచి మాథ్యూ స్టాఫర్డ్‌ని తెచ్చుకుంది. బదులుగా జారెడ్ గాఫ్‌తో పాటు రెండు మొదటి రౌండ్ పిక్‌లు, ఒక మూడో రౌండ్ పిక్ ఇచ్చింది. అదే సీజన్‌లో సూపర్ బౌల్ గెలిచింది. 2022లో డెన్వర్ బ్రాంకోస్, సియాటిల్ నుంచి రస్సెల్ విల్సన్‌ని తెచ్చుకుంది. రెండు మొదటి రౌండ్, రెండు రెండో రౌండ్ పిక్‌లు, వాటితో ముగ్గురు ఆటగాళ్లు. ఒక్క ఆట కూడా ఆడకముందే అతనికి ఐదేళ్లకు 24.5 కోట్ల డాలర్ల ఒప్పందం పొడిగించింది. ఆ సీజన్ 5 గెలుపులు, 12 ఓటములు. కొత్త కోచ్‌కి 15 ఆటలకే ఉద్వాసన. 2024 మార్చిలో విల్సన్‌ని వదిలేసినప్పుడు, జట్టులో లేని మనిషి పేరిట రెండేళ్లలో దాదాపు 8.5 కోట్ల డాలర్లు శాలరీ క్యాప్ (జట్టు జీతాలకు లీగ్ పెట్టిన పరిమితి) లెక్కలో మోయాల్సి వచ్చింది. ఆ ఏడాది ఒక జట్టు మొత్తానికి క్యాప్ 25.54 కోట్లు. దాన్నిబట్టి ఆ బరువెంతో చూసుకోవచ్చు.

తేడా స్టాఫర్డ్ గొప్పతనంలోనో విల్సన్ లోపంలోనో మాత్రమే లేదు. బేరానికి ముందటేడు రామ్స్ 10 ఆటలు గెలిచిన జట్టు. ఆరన్ డోనాల్డ్, జేలెన్ రామ్సే, కూపర్ కప్ అప్పటికే ఉన్నారు, లైన్ ఎడమ చివర కాపలా ఉండే ఎడమ టాకిల్‌గా ఆండ్రూ విట్‌వర్త్ కోట గోడలా నిలబడ్డాడు. షాన్ మెక్‌వే ఆ సరికి నాలుగు సీజన్లుగా అక్కడే కోచ్. ఇల్లంతా కట్టి ఉంది, తలుపే లేదు. వాళ్లు తలుపు కొన్నారు. డెన్వర్ ముందటేడు 7 గెలిచి 10 ఓడింది, కోచ్ కొత్తవాడు, ఆటతీరు కొత్తది. గోడలు లేవకముందే తలుపు కొన్నారు.

ఈ దారి గురించి ఇంకొకటి కూడా చెప్పాలి. గెలిచినా బిల్లు వస్తుంది. కప్పు ఎత్తిన మరుసటి సీజన్‌లోనే రామ్స్ 5 గెలిచి 12 ఓడింది. ఆ కప్పుకి ఆ ధర సబబే అని నా అభిప్రాయం. కానీ కప్పు దక్కకుండా ఆ బిల్లు మాత్రం చేతికొస్తే ఎలా ఉంటుందో న్యూయార్క్ జెట్స్ అభిమానిని అడగండి. 2023లో 39 ఏళ్ల ఆరన్ రాడ్జర్స్‌ని తెచ్చుకుంటే, మొదటి ఆటలో నాలుగో స్నాప్‌కే (నాలుగోసారి బంతి అందుకోగానే) మడమ వెనకుండే అకిలీస్ స్నాయువు తెగి సీజన్ మొత్తానికీ దూరమయ్యాడు.

ఉన్నదాన్నే బాగుచేసుకోవడం

ఇది అభిమానులకు అస్సలు నచ్చని దారి. చూడ్డానికి ఏమీ చేయనట్టే ఉంటుంది. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ మైక్ టామ్లిన్ కింద 2007 నుంచి 2024 దాకా ఒక్కసారి కూడా గెలుపుల కంటే ఓటములు ఎక్కువ చూడలేదు. అయినా 2016 సీజన్ తర్వాత ఆ కాలంలో ఒక్క ప్లేఆఫ్ ఆటా గెలవలేదు. ప్రతి ఏటా 9 లేదా 10 గెలిస్తే డ్రాఫ్ట్‌లో 20వ స్థానం దగ్గర నిలబడాలి. మంచి క్వార్టర్‌బ్యాక్ అంతదాకా మిగలడు. 2022లో 20వ పిక్‌తో కెనీ పికెట్‌ని తీసుకున్నారు, రెండేళ్లకే వదిలేసుకున్నారు.

అదే దారిని ఫిలడెల్ఫియా ఈగల్స్ నడిచిన తీరు వేరు. 2020లో 4 గెలిచి, 11 ఓడి, ఒకటి సమం. కోచ్‌ని మార్చారు. భారీ ఒప్పందమున్న కార్సన్ వెంట్జ్‌ని ఇండియానాపొలిస్‌కి పంపేశారు. అందుకు దాదాపు 3.4 కోట్ల డాలర్ల డెడ్ మనీ (జట్టులో లేనివాడి పేరిట క్యాప్‌లో పడే భారం), అప్పటికి అదే రికార్డు, ఒకే ఏడాది లెక్కలో మింగేశారు. కొండంత అప్పు ఒక్కసారిగా తీర్చేసి చేతులు దులుపుకున్నారు. క్వార్టర్‌బ్యాక్ స్థానం రెండో రౌండ్‌లో 53వ పిక్‌గా వచ్చిన జేలెన్ హర్ట్స్‌కి ఇచ్చారు. మరుసటేడు ప్లేఆఫ్స్, ఆ పై ఏడు సూపర్ బౌల్‌లో ఓటమి, 2024 సీజన్‌లో కప్పు.

వాళ్లు ముట్టుకోనిది ఏమిటంటే, లైన్. ఆరో రౌండ్‌లో వచ్చిన జేసన్ కెల్సీ, నాలుగో పిక్ లేన్ జాన్సన్, వాళ్లకు 2013లో వచ్చిన లైన్ కోచ్ జెఫ్ స్టౌట్‌లాండ్. ఎడమ టాకిల్ జోర్డన్ మైలాటా అయితే ఆస్ట్రేలియాలో రగ్బీ లీగ్ ఆడినవాడు. 2018లో 233వ పిక్‌గా వచ్చేనాటికి అతను ఒక్క ఫుట్‌బాల్ ఆటా ఆడలేదు. హెల్మెట్ ఎలా పెట్టుకోవాలో కూడా కొత్తగా నేర్చుకున్న మనిషిని రెండేళ్లు ఓపిగ్గా తయారు చేశారు. ఆ చెక్కడం వార్తల్లోకి రాదు, టికెట్లు అమ్మిపెట్టదు. కప్పు దానిమీదే నిలబడింది.

2021 డ్రాఫ్ట్, ఐదో పిక్

నాకు ఈ విషయంలో పట్టుదల రావడానికి కారణం ఒక్క పిక్. 2020 నవంబర్‌లో సిన్సినాటి బెంగాల్స్ కొత్త క్వార్టర్‌బ్యాక్ జో బరో మోకాలు వాషింగ్టన్‌తో ఆటలో చితికిపోయింది. కొన్ని నెలలకే డ్రాఫ్ట్. సిన్సినాటిది ఐదో పిక్. ఒకపక్క టాకిల్ పెనే సూయెల్, ఇంకోపక్క కాలేజీలో బరోతో కలిసి ఆడిన, బంతి పట్టే రిసీవర్ జమార్ చేజ్. అభిమానులు రెండుగా చీలిపోయారు. నేను సూయెల్ పక్షం. మోకాలు విరిగినవాడికి ముందు గొడుగు పట్టాలి కదా అన్నది నా వాదన. సిన్సినాటి చేజ్‌ని తీసుకుంది. సూయెల్ ఏడో పిక్‌గా డెట్రాయిట్‌కి వెళ్లాడు.

చేజ్ మొదటి ఏడే 1,455 గజాలు సాధించాడు, జట్టు సూపర్ బౌల్‌కి చేరింది. మా పక్షం నోరు మూతపడింది. దారిలో టెనెసీతో ఆటలో బరో తొమ్మిది సార్లు శాక్ అయ్యాడు (బంతి విసిరేలోపే అతన్ని పడగొట్టారు), అయినా గెలిచారు. సూపర్ బౌల్‌లో రామ్స్ మీద ఏడు సార్లు. ఇక చివరి ఘడియ. నిమిషం కూడా లేదు, వెనకబడింది మూడే పాయింట్లు, నాలుగో డౌన్ (బంతి నిలుపుకోవడానికి చివరి ప్రయత్నం), కావాల్సింది ఒక్క గజం. బరో బంతి అందుకున్నాడు. అవతల చేజ్, జారిపోతున్న రామ్సేని దాటి ఖాళీగా పరుగెత్తుతున్నాడు. విసిరితే చాలు. విసరడానికి వ్యవధేదీ? ఆరన్ డోనాల్డ్ లైన్ చీల్చుకొచ్చి బరో నడుం పట్టుకుని గిరగిరా తిప్పేశాడు. బంతి ఎటో ఎగిరి నేల తాకింది. అంతే.

చేజ్‌ని తీసుకోవడం తప్పని నేననను. 2024లో క్యాచ్‌లు, గజాలు, టచ్‌డౌన్‌లు మూడింటిలోనూ లీగ్‌లో అతనే మొదటివాడు. కానీ ఆ ఒక్క దృశ్యంలో రెండు పక్షాల వాదనా ఉంది. గెలిపించగలవాడు ఖాళీగానే ఉన్నాడు, అతనికి బంతి చేర్చే ఆ అర సెకను లేదు. ఆ తర్వాత కూడా బరోని గాయాలు వదల్లేదు. ఇవాళ మళ్లీ ఆ పిక్ నా చేతికిస్తే మళ్లీ సూయెల్‌నే తీసుకుంటాను.

క్వార్టర్‌బ్యాక్‌ని ఎప్పుడు తీసుకోవాలి

డబ్బు లెక్కలో మాత్రం కొత్త క్వార్టర్‌బ్యాక్‌ని మించిన బేరం లేదు. 2010లో మొదటి పిక్ సామ్ బ్రాడ్‌ఫర్డ్‌కి 5 కోట్ల డాలర్ల గ్యారంటీ దక్కింది. 2011లో లీగ్‌కీ ఆటగాళ్లకీ మధ్య కార్మిక ఒప్పందం మారింది. ఆ ఏడాది మొదటి పిక్ క్యామ్ న్యూటన్‌కి నాలుగేళ్లకు మొత్తం 2.2 కోట్లు. ఏడాది తేడాలో ధర అలా పడిపోయింది. అప్పటి నుంచి మొదటి నాలుగేళ్లూ క్వార్టర్‌బ్యాక్ చవక, మిగిలిన క్యాప్ అంతా చుట్టూ జట్టు కట్టడానికే. అందుకే అందరూ ముందు క్వార్టర్‌బ్యాక్ అని పరుగెడతారు.

అయితే ఆ నాలుగేళ్లు లైన్ కట్టుకోవడంలోనే కరిగిపోతే? హ్యూస్టన్ టెక్సన్స్ కొత్త జట్టుగా 2002లో అడుగుపెట్టినప్పుడు మొదటి పిక్ డేవిడ్ కార్. ఆ ఒక్క సీజన్‌లో అతను 76 సార్లు శాక్ అయ్యాడు. మంచి చెయ్యి ఉన్న కుర్రవాడు. బంతి వదిలేలోపే కింద పడటం అలవాటైనవాడు, లైన్ బాగున్న రోజున కూడా అదురుతూనే ఉంటాడు.

అదే హ్యూస్టన్ 2023లో రెండో పిక్‌తో సీజే స్ట్రౌడ్‌ని తెచ్చినప్పుడు ఎడమ టాకిల్‌గా లారెమీ టన్సిల్ ఉన్నాడు, కోచ్‌గా డెమీకో రయాన్స్ వచ్చాడు. ముందటేడు 3 గెలిచిన జట్టు 10 గెలిచింది. మరుసటేడు లైన్ చెదిరింది, స్ట్రౌడ్ 52 సార్లు శాక్ అయ్యాడు, అంకెలు పడిపోయాయి. కుర్రవాడు అతనే, చెయ్యీ అదే.

మొదటి పిక్ కోసం ఉన్నదంతా ఊడ్చిపెట్టడం మాత్రం నేనెవరికీ చెప్పను. 2023లో కరొలైనా పాంథర్స్ బ్రైస్ యంగ్ కోసం తమ మేటి రిసీవర్ డీజే మూర్‌నీ, మరుసటేటి మొదటి రౌండ్ పిక్‌తో సహా నాలుగు పిక్‌లనూ చికాగోకి ఇచ్చింది. బంతి విసరడానికి కుర్రవాడు వచ్చాడు, పట్టాల్సినవాడు వెళ్లిపోయాడు. 2 గెలిచి 15 ఓడారు. చికాగోకి ఇచ్చేసిన ఆ పిక్కే 2024లో మొదటి నంబర్ అయింది.

నచ్చిన పద్ధతి చెప్పమంటే కాన్సాస్ సిటీది. 2017 డ్రాఫ్ట్‌లో 27వ స్థానం నుంచి 10కి ఎగబాకి ప్యాట్రిక్ మహోమ్స్‌ని తీసుకున్నారు. ఆ ఏడంతా అలెక్స్ స్మిత్‌ని ఆడించి, కుర్రవాడికి చివరి ఆట మాత్రమే అప్పగించారు. ఓడిపోతున్న జట్లకు ఆ తీరిక ఉండదు, నిజమే. కనీసం మొదటి నెలైనా పాతకాపు ఒకణ్ణి ఆడించవచ్చు.

దీనికి ఎదురు సాక్ష్యం దాచను. 2023లో 4 గెలిచిన వాషింగ్టన్, 2024లో రెండో పిక్ జేడెన్ డేనియల్స్‌తో 12 గెలిచి కాన్ఫరెన్స్ ఫైనల్ (సెమీఫైనల్ లాంటిది) దాకా వెళ్లింది. లైన్ పూర్తిగా కుదరకుండానే. తన కాళ్లతోనే తప్పించుకోగల కుర్రవాడు దొరికితే నా సూత్రం వంగుతుంది. అలాంటివాడు ఏటా పుట్టడు.

మీ జట్టుకి ఏది

గత సీజన్‌లో 9 లేదా 10 గెలిచి, లైన్, డిఫెన్స్ రెండూ గట్టిగా ఉండి, క్వార్టర్‌బ్యాక్ ఒక్కడే తక్కువైతే కొనండి. రామ్స్ దారి. కొనేవాడి వయసు మాత్రం చూసుకోండి, ఆడకముందే ఒప్పందం పొడిగించకండి.

లైన్ బాగుండి, ఖరీదైన క్వార్టర్‌బ్యాక్ దిగజారుతుంటే ఈగల్స్ దారి. అప్పు ఒకే ఏడాదిలో మింగండి. ముందు ముందుకు తోసుకుంటూ పోతే ఆ భారం ఏటేటా కొత్త ఆటగాణ్ణి దూరం చేస్తూనే ఉంటుంది.

ఏమీ బాగాలేదు, ఒకే ఒక్క స్టార్ ఉన్నాడు, అతనికి 30 దాటింది. అతనంటే ఎంత ప్రేమ ఉన్నా అమ్మండి. విల్సన్‌ని ఇచ్చేసిన సియాటిల్ ఆ పిక్‌లతో టాకిల్ చార్ల్స్ క్రాస్‌నీ, డిఫెన్స్‌లో కార్నర్ డెవన్ విదర్‌స్పూన్‌నీ తెచ్చుకుంది. పైగా విల్సన్ లేని మొదటి ఏడే ప్లేఆఫ్స్‌కి వెళ్లింది. చొక్కా వెనక ఉన్న పేరు పోయిందని ఏడ్చినవాళ్లలో చాలామంది ఏడాదికే కళ్లు తుడుచుకున్నారు.

ఏమీ బాగాలేక, అమ్మడానికీ ఎవరూ లేకపోతే, పిక్‌ని వెనక్కి జరిపి, అంటే వేరే జట్టుకిచ్చి బదులుగా వెనకవి తీసుకుని, రెండు మూడు చేసుకోవడమే మంచిది. మొదటిది లైన్‌మన్‌కి. కోచ్‌కీ జీఎంకూ ఇద్దరికీ మూడేళ్ల గడువు. ఇద్దర్నీ ఒకేసారి నియమించాలి, ఒకరు పాతవాళ్ల మనిషి, ఇంకొకరు కొత్తవాళ్ల మనిషి అయితే ప్రతి పిక్ దగ్గరా పేచీయే.

చివరి ఆట ఓడిపోదామా

డిసెంబర్ చివర్లో ప్రతి ఓడిన జట్టు అభిమానుల మధ్యా లేచే మాట ఇది. ఎలాగూ పోయింది, ఇంకొకటి ఓడితే రెండు స్థానాలు ముందు పిక్ వస్తుంది కదా అని. దీనికి డెట్రాయిట్ కథ చెప్పాలి.

2008లో 16కి 16 ఓడిన జట్టది. 2021లో జీఎం బ్రాడ్ హోమ్స్, కోచ్ డాన్ క్యాంప్‌బెల్ ఒకేసారి వచ్చారు. స్టాఫర్డ్‌ని అమ్మారు, మొదటి పిక్‌గా సూయెల్‌ని తీసుకున్నారు. ఆ ఏడు గెలిచినవి మూడే. 2022లో మొదటి ఏడింటిలో ఆరు ఓడారు. ఇక పంపేస్తారని అందరం అనుకున్నాం. ఆ అక్టోబర్‌లోనే యజమానురాలు షీలా ఫోర్డ్ హాంప్ విలేకరుల ముందుకొచ్చి ఇద్దరికీ అండగా ఉంటానని చెప్పారు. తర్వాతి పదిలో ఎనిమిది గెలిచారు. డిసెంబర్‌లో మిన్నెసోటా మీద ఆట ముగించాల్సిన వేళ, మూడో డౌన్, ఏడు గజాలు కావాలి. బంతి విసిరింది ఎవరికో తెలుసా? సూయెల్‌కి. 150 కిలోలకు తగ్గని టాకిల్ పక్కకి కదిలి, రెండు చేతులా బంతి పట్టుకుని తొమ్మిది గజాలు దొర్లాడు.

చివరి ఆట గ్రీన్ బేలో. ఆట మొదలయ్యేసరికే డెట్రాయిట్ ప్లేఆఫ్స్ ఆశ పోయింది. సియాటిల్ గెలుపుతో లెక్క తేలిపోయింది. ఓడితే పిక్ మెరుగవుతుంది. గెలిస్తే మిగిలేది గ్రీన్ బేని కూడా ఇంటికి పంపామన్న తృప్తే. 20–16తో గెలిచారు. ఆ గెలుపు వల్ల వాళ్ల సొంత పిక్ 18కి జారింది. దానితో డిఫెన్స్‌లో ఆడే లైన్‌బ్యాకర్ జాక్ క్యాంప్‌బెల్‌ని తీసుకున్నారు. స్టాఫర్డ్ బేరంలో వచ్చిన రామ్స్ పిక్ ఆరో నంబర్. దాన్ని వెనక్కి జరిపి జమీర్ గిబ్స్‌నీ, సామ్ లాపోర్టానీ తెచ్చుకున్నారు. మరుసటి జనవరిలో డెట్రాయిట్ తన మైదానంలో రామ్స్‌ని ఓడించింది, 32 ఏళ్ల తర్వాత మొదటి ప్లేఆఫ్ గెలుపు. అవతల బంతి విసిరినవాడు స్టాఫర్డ్. ఇవతల విసిరినవాడు, ఆ బేరంలో కొసరుగా వచ్చాడని అందరూ అనుకున్న గాఫ్.